‘వాడేవారి పొరపాటు’ అని రెండుసార్లు రాశాను

ఆ గదిలో ఉన్నవి ఇవి. టేబుళ్లు మూడు. కంప్యూటర్లు రెండు, మేనేజర్ గారి క్యాబిన్‌లో ఇంకొకటి. ప్రింటర్ ఒకటి, దాని మీద స్కానర్ ఒకటి. ఇన్‌వర్డ్ రిజిస్టరు, అవుట్‌వర్డ్ రిజిస్టరు, తారీకు ముద్ర, ఇంకు డబ్బా. మూలన వరి విత్తనాల నమూనా సంచులు ఆరు. మనుషులు నలుగురు: మేనేజర్, ఇన్‌వర్డ్ చూసే మేడం, అటెండర్, నేను. ఏ ఆఫీసుకు వెళ్లినా ముందు ఇలా ఒక జాబితా రాసుకోవడం నాకు అలవాటు. ఇంజనీరింగ్‌లో ఒక మాస్టారు నేర్పారు. టేబుళ్ల మీద ఉన్నవన్నీ రాశాను కానీ, గోడ మీద ఏముందో రాయలేదు. దాని సంగతి తరువాత.

ఇప్పుడు నేను ఆ ఉద్యోగంలో లేను, మెదక్‌లోనూ లేను. అయినా ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి, ‘అన్నా, మెయిల్ పదే పదే పాస్‌వర్డ్ అడుగుతోంది, కరెక్టుగా కొట్టినా తీసుకోవడం లేదు’ అంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అందరికీ ఒకేసారి రాస్తున్నాను. దీనికి కారణాలు పది ఉంటాయి. అవన్నీ మీకు ఎక్కడైనా దొరుకుతాయి. నేను రాసేది పదకొండోది. అది నాకు దొరకడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో ఒక మనిషి ఉద్యోగం దాదాపు పోయింది, అది కూడా నా చేతి రాత వల్ల.

అప్పట్లో నేను మెదక్‌లో కంప్యూటర్ల మరమ్మతు, నిర్వహణ చూసే ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. చౌరస్తాకు దగ్గరలో రెండు గదులు మావి. ఊళ్లో పదిహేను ఆఫీసుల బాధ్యత నాది. వాటిలో ఒకటి రైతులకు విత్తనాలు, ఎరువులు సరఫరా చేసే సంస్థ వాళ్ల జిల్లా ఆఫీసు. చేగుంట, శంకరంపేట, టేక్మాల్ వంటి చోట్ల ఉన్న వాళ్ల డిపోల నుంచి ఎంత సరుకు కావాలో మెయిల్ వస్తుంది. మేడం ఆ మెయిల్ తెరిచి, ప్రింటు తీసి, ముద్ర వేసి, వచ్చిన సమయం రిజిస్టర్లో ఎక్కించి, పదకొండు లోపల హైదరాబాద్‌లోని హెడ్డాఫీసుకు పంపాలి. పదకొండు దాటితే ఆ డిపోకు ఆ రోజు లారీ ఉండదు. వానాకాలం విత్తనాల రోజుల్లో ఒక్క రోజు ఆలస్యమైతే ఏమవుతుందో ఆ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

మేడంకు నలభై అయిదేళ్లుంటాయి. తొమ్మిదేళ్లుగా ఆ కుర్చీలోనే ఉన్నారు, కాంట్రాక్టు మీద. భర్తకు కుట్టుమిషను ఉంది కానీ కంటిచూపు తగ్గి పని సగమైంది. ఇంట్లో నమ్ముకోదగ్గ జీతం ఆమెది ఒక్కటే. టైపు మిషను మీద నేర్చుకున్న చెయ్యి కాబట్టి కీబోర్డు మీద దెబ్బ గట్టిగా పడుతుంది. అక్షరం మాత్రం తప్పదు. ఈ మాట నేను ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు గమనించి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

మొదటి ఫిర్యాదు ఏప్రిల్‌లో వచ్చింది. మెయిల్ తెరిచిన కాసేపటికి చిన్న పెట్టె ఒకటి తెర మధ్యలో లేచి పాస్‌వర్డ్ అడుగుతుంది. కొడితే మాయమై, మూడు సెకన్లలో మళ్లీ వస్తుంది. నేను ఫోన్లోనే మొదట చెప్పే మాట చెప్పాను: రీస్టార్ట్ చేయండి. చేశారు. సరిపోయింది. మరుసటి రోజు మళ్లీ ఫోన్. ఈసారి నేనే వెళ్లాను. కంప్యూటర్ ఆపి, మళ్లీ వేసి, దాచి ఉన్న పాత పాస్‌వర్డ్‌లు తుడిచేసి, కొత్త పాస్‌వర్డ్ పెట్టాను. పది నిమిషాలు కూర్చున్నాను. పెట్టె రాలేదు. బయటికి వచ్చి ఫిర్యాదు ముగించబోయాను.

మా కంపెనీలో ఫిర్యాదు ముగించాలంటే ‘కారణం’ అనే గడి నింపాలి. అందులో నాలుగే ఉంటాయి: నెట్‌వర్కు, యంత్రం, ప్రోగ్రాము, వాడేవారి పొరపాటు. ‘తెలియలేదు’ అనేది లేదు. మొదటి మూడూ నేను పరీక్షించాను, బాగానే ఉన్నాయి. మిగిలింది నాలుగోది. అదే నొక్కాను. కింద ఒక వాక్యం కూడా రాశాను: పాస్‌వర్డ్ తప్పుగా కొడుతున్నారు, తగిన సూచనలు ఇచ్చాను.

రెండోసారి వెళ్లినప్పుడు నాకు ఒక ఆధారం దొరికిందనుకున్నాను. మేడం పాస్‌వర్డ్‌ను రిజిస్టరు చివరి పేజీలో ఉర్దూలో రాసుకున్నారు, ఎవరూ చదవకుండా. కుడి నుంచి ఎడమకు రాసే లిపి కదా, అంకెలు తిరగేసి కొడుతున్నారేమో అని నా అనుమానం. అదే అడిగాను.

ఆమె నావైపు చూసి, ‘‘అంకెలు మేం గూడ ఎడమ దిక్కు నుంచే రాస్తం, తమ్మీ,’’ అన్నారు. కోపంగా కాదు. నాకు తెలియని సంగతి ఒకటి చెప్పినట్టు అన్నారు.

పాస్‌వర్డ్ మళ్లీ మార్చాను. రీస్టార్ట్ చేశాను. సరిపోయింది. మళ్లీ నాలుగో గడి, మళ్లీ అదే వాక్యం. ఆ తరువాత కూడా ఫోన్లు వస్తూనే ఉన్నాయి. కొన్ని రోజులు పొద్దున వచ్చి మధ్యాహ్నానికి దానంతటదే తగ్గిపోయేది. పెట్టె వచ్చినప్పుడల్లా మేడం తెరను ఫోన్‌తో ఫోటో తీసి నాకు పంపేవారు. ‘రీస్టార్ట్’ అని నేను ఒక్క మాట తిరిగి పంపేవాణ్ణి. అటెండర్ శంకరంపేట నుంచి రోజూ బస్సులో వచ్చే పెద్దాయన. ఆయన నన్ను చూసి నవ్వేవాడు: ‘‘సారూ, మీరొస్తె సక్కగనే ఉంటది. మీరు మెట్లు దిగంగనె దానికి మళ్ల జరమొస్తది.’’

జూన్ మొదట్లో టేక్మాల్ డిపో మెయిల్ ఒకటి ఒకటిన్నర రోజు తెరుచుకోకుండా ఉండిపోయింది. పొద్దున పెట్టె వచ్చింది, నేను ఇంకో ఊళ్లో ఉండి ఫోన్ ఎత్తలేదు, ఆమె రీస్టార్ట్ చేశారు, కాసేపటికే పెట్టె మళ్లీ వచ్చింది, ఈలోగా పదకొండు దాటింది. మరుసటి రోజు కూడా అంతే. లారీ వేరే దారిన పోయింది. డిపో ముందు రైతులు రెండు రోజులు నిలబడ్డారు. మేనేజర్ మేడంకు మెమో ఇచ్చారు. ఆ నెలాఖరుకు ఆమె పదకొండు నెలల కాంట్రాక్టు ముగుస్తుంది. పొడిగించవద్దని హెడ్డాఫీసుకు రాయాలని ఆయన నిర్ణయించుకున్నారు. ఆ ఉత్తరానికి జత చేసే కాగితాలు రెండు. రెండూ నావి, ఫిర్యాదు ముగిసినప్పుడు ఆఫీసుకు వెళ్లే నోట్లు.

ఆ సంగతి నాకు చెప్పింది ఆయనే, ఫోన్లో, చాలా మామూలుగా. ఆయన మంచి వ్యవసాయ కుటుంబం మనిషి. సీజన్లో విత్తనం ఆలస్యమైతే తన పొలం ఎండినంత బాధపడతారు. ఆయన కోపంలో అబద్ధం లేదు. ‘‘ఏమయ్యా ఇంజనీరు, రేపు పదిన్నరకు రా. మూడో రిపోర్టు టైపు చేయించి పెడ్త. ఆమెకు మెయిల్ నడపరాదని రెండుసార్లు నువ్వే రాసినవు గద. ఇగ సంతకం పెడ్తె ఖతం.’’

‘మెయిల్ నడపరాదు’ అని నేను రాయలేదు. కానీ రాసిందానికి అర్థం అదే. ఒక గడి నింపడానికి నొక్కిన మాట ఒక మనిషి తొమ్మిదేళ్ల పనికి తీర్పు అవుతుందని నాకు ఆ ఫోన్ పెట్టేశాకే తట్టింది.

మరునాడు పదిన్నరకు కాక తొమ్మిదిన్నరకే వెళ్లాను. ఒకటి ముందే నిర్ణయించుకున్నాను: ఈసారి రీస్టార్ట్ అనే మాట నా నోట రాకూడదు. కంప్యూటర్‌ను కూడా ముట్టుకోకూడదు. రెండు నెలలుగా నేను యంత్రాన్నే చూశాను. ఆమె పని చేస్తుండగా ఒక్క రోజు కూడా చూడలేదు.

తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, నేను లేననుకొని రోజూ ఏం చేస్తారో అదే చేయమన్నాను.

‘‘గింత మనిషివి కూసుంటె లేవనుకునుడెట్ల, తమ్మీ,’’ అన్నారు మేడం. ఆ రోజు ఆ రిపోర్టు సంగతి ఆమెకు తెలుసు. అటెండర్ చెప్పాడట. అయినా నాకు మంచినీళ్లు పెట్టించారు.

నేను ఫోన్లో సమయం చూస్తూ రాసుకున్నాను. 9:41, స్విచ్ వేశారు. 9:45, మెయిల్ తెరిచారు, పాస్‌వర్డ్ అడగలేదు. 9:47, టేబుల్ తుడిచారు, ముద్రలో తారీకు మార్చారు. 9:50, రిజిస్టరు ముందుకు లాక్కుని కొత్త పేజీ తెరిచారు. అప్పుడు తల ఎత్తి నా తల మీదుగా గోడ వైపు చూశారు. చూసి, తెర మూలన ఉన్న సమయం మీద నొక్కి, సెట్టింగ్ తెరిచి, ఏదో కొట్టి, మూసేశారు. రోజూ తీసే తాళం తీసినంత తేలికగా. ఆ తరువాత కలం తీసుకున్నారు.

9:54కు పెట్టె వచ్చింది.

నేను వెనక్కి తిరిగి గోడ చూశాను. గుండ్రటి గడియారం. అందులో పది దాటి రెండు నిమిషాలు. తెర మూలన కూడా అంతే. నా ఫోన్లో ఇంకా పది కాలేదు.

ఇప్పుడేం చేశారని అడిగాను. ఏమీ చేయలేదన్నారు. టైం మార్చారు కదా అంటే, ‘‘అదా? అది రోజు చేసేదే,’’ అన్నారు.

సంగతి ఇది. ఉద్యోగులు పదింటికి రావడం లేదని రెండేళ్ల కింద మేనేజర్ గారు గోడ గడియారాన్ని ఎనిమిది నిమిషాలు ముందుకు పెట్టారు. మన దగ్గర ఎన్నో ఇళ్లలో, ఆఫీసుల్లో ఉన్న అలవాటే. అందరికీ తెలుసు, అందరూ మనసులో ఎనిమిది తీసేసుకునేవారు, అటెండర్ దాన్ని బట్టే శంకరంపేట బస్సు అందుకునేవాడు. ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ రిజిస్టర్లో సమయం గోడ గడియారం చూసే రాయాలని రూలు. ఏప్రిల్‌లో హెడ్డాఫీసు నుంచి తనిఖీకి వచ్చిన ఒకాయన, ప్రింటు మీద ఒక సమయం, రిజిస్టర్లో ఇంకో సమయం ఎందుకున్నాయని అడిగారు. మేనేజర్ గారికి అందరి ముందు తల కొట్టేసినట్టయింది. తనిఖీకి వచ్చినాయన వెళ్లిపోగానే మేడంను పిలిచి, రెండూ ఒక్కటే ఉండాలని గట్టిగా చెప్పారు. మేడం తరువాతి రోజు పొద్దుటి నుంచి రెండూ ఒక్కటయ్యేలా చూశారు. గడియారం సార్ పెట్టింది కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. కంప్యూటర్‌ను మార్చారు.

కంప్యూటర్ సమయం మార్చడానికి మామూలుగా ఆమెకు అనుమతి ఉండదు. ఉంది, ఎందుకంటే నేనే ఇచ్చాను. స్కానర్ ప్రతిసారీ అనుమతి అడుగుతోందని ఆమె రోజూ ఫోన్ చేస్తుంటే, విసుగొచ్చి ఆ కంప్యూటర్ మీద అన్ని అధికారాలూ ఆమెకు ఇచ్చేశాను. ఫోన్లు తగ్గాయని మా ఓనర్ దగ్గర గొప్పగా చెప్పుకున్నాను కూడా.

కొత్తవాళ్ల కోసం క్లుప్తంగా: ఇలాంటి ఆఫీసుల్లో సర్వర్, కంప్యూటర్ ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి సమయాన్ని కూడా చూసుకుంటాయి. రెండింటి మధ్య అయిదు నిమిషాలకు మించి తేడా ఉంటే సర్వర్ నమ్మదు. నమ్మనప్పుడు ‘నీ గడియారం తప్పు’ అని చెప్పదు. పాస్‌వర్డ్ అడుగుతుంది. సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా మళ్లీ అడుగుతుంది. రీస్టార్ట్ చేస్తే కంప్యూటర్ సర్వర్ నుంచి సరైన సమయం తెచ్చుకుంటుంది, కాబట్టి మేడం మళ్లీ గోడ చూసి మార్చేదాకా అంతా బాగుపడుతుంది. కొన్నిసార్లు మధ్యాహ్నానికి దానంతటదే తెచ్చుకుంటుంది. అంటే రెండు నెలలుగా నేను చేసిన వైద్యం ప్రతిసారీ పనిచేసింది, ప్రతిసారీ నా కళ్ల ముందే ఆధారాన్ని తుడిచేసింది.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మేడం పంపిన ఫోటోలు నా ఫోన్లోనే ఉన్నాయి, పద్నాలుగు. అక్కడే కూర్చుని తెరిచి చూశాను. ప్రతి ఫోటోలో తెర మూలన ఒక సమయం, ఫోటో కింద అది నాకు అందిన సమయం. అందిన సమయం కంటే ఫోటోలోని సమయం ఎనిమిది నిమిషాలు ఎక్కువ, పద్నాలుగింటిలోనూ. ఇంకా రాని నిమిషాన్ని ఆమె పద్నాలుగుసార్లు ఫోటో తీసి పంపితే, నేను పద్నాలుగుసార్లూ ‘రీస్టార్ట్’ అని జవాబిచ్చాను.

సమయం సరిచేసి మెయిల్ తెరిచాం, పెట్టె రాలేదు. ఎనిమిది నిమిషాలు ముందుకు జరిపాం, వచ్చింది. మూడుసార్లు చేశాం. మేడం తెర మీంచి నావైపు తిరిగి అన్నారు: ‘‘తమ్మీ, రెండుసార్లు రాసిస్తివి. పొద్దుగాల వచ్చి ఏమేం చేస్తవని ఒక్కసారన్న అడిగినవా నన్ను?’’

అడగలేదన్నాను.

మేనేజర్ గారు పదీ ఇరవైకి వచ్చారు, ఆయన గడియారం ప్రకారం పదీ ఇరవై ఎనిమిదికి. రిపోర్టు టైపై ఉంది. సంతకం పెట్టలేనని, మొదటి రెండూ కూడా తప్పని చెప్పాను. ఆయన కలం మూత పెట్టి నావైపు చూశారు.

‘‘గడియారానికి, మెయిల్‌కు ఏం సంబంధమయ్యా? ఆమె ఏడ్సిందా నీ ముంగట?’’

ఏడవలేదన్నాను. ఒక్క అయిదు నిమిషాలు మీ కంప్యూటర్ ఇవ్వమని అడిగాను. ఇచ్చారు. దాని సమయాన్ని ఎనిమిది నిమిషాలు ముందుకు జరిపి, మెయిల్ మూసి తెరిచి, కుర్చీ ఆయనకు వదిలాను. పెట్టె వచ్చింది. ఆయన పాస్‌వర్డ్ కొట్టారు. మళ్లీ వచ్చింది. ఈసారి ఒక్కో అక్షరం చూసి కొట్టారు. మళ్లీ వచ్చింది. మూడోసారి కళ్లద్దాలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ కొట్టారు. తలుపు దగ్గర అటెండర్ దగ్గాడు.

ఆయన చేతులు కీబోర్డు మీంచి తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

‘‘నేను గూడ తప్పే కొడ్తున్ననా?’’

‘‘లేదు సార్. మీరు కరెక్టుగానే కొడుతున్నారు. ఆమె కూడా కరెక్టుగానే కొట్టారు.’’

సమయం వెనక్కి జరిపాను. మెయిల్ తెరుచుకుంది. టైపు చేసిన రిపోర్టును ఆయన నాలుగు మడతలు పెట్టి సొరుగులో వేసి, కొత్త కాగితం నా ముందుకు తోశారు.

అందులో మూడు వరుసలు రాశాను. ఒకటి, అవసరం లేని అనుమతులు నేను ఇచ్చాను. రెండు, కారణం కనుక్కోకుండా రెండు ఫిర్యాదులు ముగించాను, ఆ రెండు నోట్లనూ వెనక్కి తీసుకుంటున్నాను. మూడు, గోడ గడియారాన్ని ఎనిమిది నిమిషాలు ముందుకు పెట్టి, కంప్యూటర్ సమయాన్ని దానికి సరిపెట్టడం వల్ల సమస్య వచ్చింది.

మేనేజర్ గారికి మొదటి రెండూ నచ్చాయి. మూడో దాని దగ్గర ఆగారు. ‘‘ముందుకు పెట్టి అని రాస్తివి. ఎవరు పెట్టిన్రు అని హెడ్డాఫీసోడు అడుగడా?’’

అది లేకపోతే పై రెండింటికీ అర్థం ఉండదన్నాను. పావుగంట మాట్లాడుకున్నాం. చివరికి ‘గోడ గడియారం ఎనిమిది నిమిషాలు ముందు ఉండెను, సరిచేయబడినది’ అనే దగ్గర ఇద్దరం ఒప్పుకున్నాం. గడియారం దానంతటదే నడిచి వెళ్లినట్టు ఉంటుంది ఆ వాక్యం. అంతకు మించి నాకు కావలసింది కూడా లేదు. ఆమె పేరు అందులో ఎక్కడా లేదు. ‘వాడేవారు’ అనే మాట కూడా లేదు. మేడం ఒకటికి రెండుసార్లు చదివి, ముద్ర వేసి, అవుట్‌వర్డ్‌లో ఎక్కించారు. సమయం రాయబోయి ఆగి, గోడ కాక నా ఫోన్ చూసి రాశారు.

మా ఓనర్‌కు ఆ కాగితం నచ్చలేదు. మన తప్పును మనమే సంతకం పెట్టి ఇస్తామా అని సాయంత్రం చాలాసేపు మాట్లాడారు. ఆయన బాధ ఆయనకుంది. నేను మాత్రం ఆ వారమే కారణం గడిలో అయిదోది చేర్పించాను: ఇంకా తెలియలేదు. దాన్ని చేర్చడానికి ప్రోగ్రాములో నాకు పట్టిన సమయం నాలుగు నిమిషాలు. ఆ కంప్యూటర్‌కు ఇచ్చిన అధికారాలు తీసేసి, స్కానర్ పనిచేయడానికి కావలసినంత వరకే ఉంచాను. అది మొదటి రోజే చేయగలిగిన పని.

గడియారం సరిచేసిన మొదటి వారంలో అటెండర్ శంకరంపేట బస్సు మూడుసార్లు తప్పిపోయాడు. ఆ మూడుసార్లూ నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు.

పరిష్కారం దొరికినందుకు నాకు గర్వమే. దాచుకోను. తొంభై శాతం మంది ఆ గోడ వైపు చూసి ఉండేవారు కాదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ మీరు ఎవరి గురించైనా ‘వాడేవారి పొరపాటు’ అని నొక్కబోయే ముందు, ఆ మనిషి పక్కన ఒక పూట నోరు మూసుకుని కూర్చోండి. వాళ్లు చేసే పనిలో తెలివి తక్కువ ఉండదు. ఎవరో చెప్పిన రూలు ఉంటుంది. ఆ రూలు ఎవరు పెట్టారో కనుక్కోండి.

హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు నెలాఖరుకు రెండు రోజుల ముందు వచ్చింది, మెయిల్లోనే. మేడం తానే తెరిచి, ప్రింటు తీసి, ఇన్‌వర్డ్‌లో ఎక్కించుకున్నారు. కాంట్రాక్టు పొడిగింపు: పదకొండు నెలలు.